సర్వే విద్యలో జీఐఎస్
భూమి కొలతలనూ, ఆ స్థలం వివరాలనూ ఒకే కంప్యూటర్ పటంలో కలిపే భౌగోళిక సమాచార వ్యవస్థే జీఐఎస్. 1960లలో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ దీనికి తొలిరూపం ఇచ్చారు. హైదరాబాద్ ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థలో ఇది పాఠ్యాంశం.

పాత ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పుస్తకం) పటాన్ని స్కాన్ చేసి, లింకుల కొలతలను మీటర్లలోకి మార్చి (66 అడుగుల గొలుసుకు 100 లింకులు), పొలంలో మిగిలిన సరిహద్దు రాళ్ల జీపీఎస్ విలువలతో సరిచూడటం మంచి అభ్యాసం. తెరమీద గట్టు పక్కకు జరిగినట్టు కనబడితే తప్పు పటానిదా, కొలతదా, గట్టు దున్నుకున్న రైతుదా? సాఫ్ట్‌వేర్ చెప్పదు. అందుకే, కోణాలనూ దూరాలనూ కొలిచే టోటల్ స్టేషన్ పరికరం వాడకం, కొలత దోషాల గణితం రానివారికి జీఐఎస్ ఒక్కటే నేర్పడం దండగ. పటాల కోసం భూమిని నిలువు పట్టీలుగా విభజించే యూటీఎం పద్ధతిలోని జోన్లు మరో చిక్కు: 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర జోన్ మారుతుంది. అనంతపురం 43వ జోన్‌లో, హైదరాబాద్ 44వ జోన్‌లో ఉన్నాయి.