రసాయనాల కంపెనీ నుంచి పాఠాల తెర మీదికి

ఇ-లెర్నింగ్ పాఠాలు తయారుచేసేవాళ్లకు ఈ చాకిరీ బాగా తెలుసు. జీర్ణవ్యవస్థ మీద ఎనభై స్లైడ్ల పాఠం ఉందనుకోండి. ఫోన్లో తీసినవి, స్కాన్ చేసినవి, స్క్రీన్‌షాట్లు అన్నీ కలిసి బొమ్మలు ఒక్కోటీ ఒక్కో కొలతలో ఉంటాయి. ప్రతిదాన్నీ తెరవాలి, కుదించాలి, అంచు కట్టాలి, సేవ్ చేయాలి. అంతా అయ్యాక స్లైడ్ సైజు మారిందంటే మళ్లీ మొదటికే. పాఠం ఎలా చెబితే పిల్లలకు అర్థమవుతుందో ఆలోచించాల్సిన పొద్దంతా దీనికే పోతుంది.

ఈ పనిని ఒక్క ఆదేశంతో ముగించే ఇమేజ్‌మాజిక్ అనే సాఫ్ట్‌వేర్ అమెరికాలో డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీలో పుట్టింది. 1987లో అక్కడ పనిచేసే జాన్ క్రిస్టీకి పైఅధికారి డేవిడ్ పెన్సాక్ ఒక పని అప్పగించారు. కంప్యూటర్ గీసిన బొమ్మలను, ఒకేసారి 256 రంగులు మాత్రమే చూపగలిగే తెర మీద చూపించాలి. 24 బిట్ల బొమ్మలో కోటీ అరవై ఏడు లక్షల రంగులకు చోటుంటుంది. వాటిలోంచి ఏ 256 ఏరుకుంటే బొమ్మ చెడకుండా కనిపిస్తుంది? అన్ని రంగులూ చూపే తెరలు అప్పట్లో అరుదు, ఖరీదు కూడా ఎక్కువే.

డ్యూపాంట్ నిండా రసాయన, జీవశాస్త్రవేత్తలే. కంప్యూటర్ శాస్త్రం తెలిసినవాళ్లు బహు తక్కువ. అందుకే క్రిస్టీ యూజ్‌నెట్‌లో, అంటే కంప్యూటర్ల మీద నడిచే ఆనాటి చర్చావేదికలో, సాయం అడిగారు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధన సంస్థ నుంచి పాల్ రేవలింగ్ జవాబిచ్చారు. ఉపాయం చెప్పి ఊరుకోలేదు, అప్పటికే రాసిపెట్టి ఉన్న ప్రోగ్రామ్ ఎక్కడ దొరుకుతుందో కూడా చూపారు. తర్వాతి ఏళ్లలోనూ క్రిస్టీకి యూజ్‌నెట్‌లోనివాళ్ల సాయం ఎన్నోసార్లు అందింది.

ఆ రుణం తీర్చుకోవాలనే తాను తయారుచేసిన బొమ్మల ప్రోగ్రాములన్నీ ఉచితంగా అందరికీ ఇచ్చేయాలని ఆయన నిశ్చయించుకున్నారు. హక్కులు కంపెనీవి. వాటిని వదులుకునేలా యాజమాన్యాన్ని ఒప్పించింది పెన్సాకే. నా దృష్టిలో ఈ కథలో ఆయన పాత్ర క్రిస్టీ పాత్రకు తీసిపోదు. 1990 ఆగస్టు 1న ఇమేజ్‌మాజిక్ యూజ్‌నెట్‌లో విడుదలైంది.

అందులో పాఠాలు చేసేవాళ్లకు పనికొచ్చేది మాగ్రిఫై అనే ఆదేశం. ఫోల్డర్ చూపించి, 1280 అడ్డం, 720 నిలువు అని ఒక్క వరుస రాస్తే చాలు, అందులోని బొమ్మలన్నీ ఆ చట్రంలో ఇమిడేలా మారతాయి. పొడవు వెడల్పుల పొందిక చెడదు. మిగిలిన చోట తెల్లరంగు నింపమనవచ్చు, అంచు గీయమనవచ్చు, పీఎన్‌జీని జేపీజీ చేయమనవచ్చు. స్లైడ్ సైజు మారితే ఆ వరుసలో కొలతలు దిద్ది మళ్లీ నడిపిస్తే సరి.

ఒక్కటి మాత్రం మరవకండి. వేరే ఫోల్డర్ పేరు గానీ వేరే ఫార్మాట్ గానీ ఇవ్వకపోతే మాగ్రిఫై అసలు బొమ్మల మీదే మార్పులు చేసేస్తుంది. కాబట్టి ముందు నకలు తీసి పెట్టుకోండి. విండోస్, మాక్, లైనక్స్ మూడింటిలోనూ ఇది ఇప్పటికీ ఉచితమే. మీకు కుదిరిన ఆదేశం ఏదైనా ఉంటే మీ బడిలోని తోటి ఉపాధ్యాయులకు కూడా రాసివ్వండి.