వంతు నీరు, వంతు దారి

నూజివీడు పేరు వినగానే రసాలు గుర్తుకొచ్చి నోరూరుతుంది. ఆ ప్రాంతపు నీటి కథ మాత్రం అంత తీయనిది కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరం నుంచి 1967లో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం జిల్లాలను దాటి వచ్చేసరికి, అప్పటి కృష్ణా జిల్లాలోని నూజివీడు మెట్ట దానికి కొసభాగమైంది. ఎగువ తూముల వద్ద ఎవరికి వారు వంతుకు మించి వాడుకుంటే కొసభూమికి మిగిలేది ఎండిన కాలువే. కాగితం మీద వాటా ఉండటం వేరు, పొలంలోకి నీరు రావడం వేరు. ఈ సత్యాన్ని మెట్టరైతుకు ఎవరూ బోధించనక్కరలేదు.

అంతర్జాల చరిత్రలోనూ సరిగ్గా ఈ సత్యం చుట్టూ తిరిగే అధ్యాయం ఒకటున్నది. రూటర్లలో దారిని వాటాలు వేసి, ఆ వాటాకు హామీ ఇచ్చే విద్య చరిత్ర అది.

తొలినాళ్ల అంతర్జాలంలో వాటాల ఊసే లేదు. వచ్చిన ప్యాకెట్టును వచ్చిన వరుసలో పంపడం, వరుస నిండితే కొత్తదాన్ని పారవేయడం, ఇంతే రూటరు పని. ఇందులోని ప్రమాదం 1986 అక్టోబరులో బయటపడింది. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ నడుమ దూరం 400 గజాలే. ఆ దారిలో సెకనుకు 32 వేల బిట్లుగా ఉన్న వేగం 40 బిట్లకు పడిపోయింది. పోయిన ప్యాకెట్లను యంత్రాలు మళ్లీ మళ్లీ పంపడంతో రద్దీ నుంచే మరింత రద్దీ పుట్టింది. ప్యాకెట్టు పోయిందంటే పంపేవాడే వేగం తగ్గించుకోవాలన్నది 1988లో వాన్ జాకబ్సన్ చూపిన విరుగుడు. అది నేటికీ అంతర్జాలాన్ని నిలబెడుతున్నది. కాని అది పంపేవాడి సద్బుద్ధి మీద ఆధారపడిన ఏర్పాటు. తగ్గనివాడిని ఏం చేయాలి?

దీనికి జాన్ నేగిల్ 1985లోనే ఒక సమాధానం ప్రతిపాదించాడు. ప్రతి పంపకందారుకూ విడి వరుస పెట్టి, రూటరు ఒక్కో వరుస నుంచి వంతులవారీగా ఒక్కో ప్యాకెట్టును తీసుకోవాలన్నాడు. అప్పుడు అత్యాశపరుడు పెంచుకునేది తన వరుసనే. 1989లో డెమర్స్, కేశవ్, షెంకర్‌లు ఈ ఆలోచనకు చక్కటి గణితరూపం ఇచ్చారు.

1986లో జొనాథన్ టర్నర్ మరో ఉపాయం చెప్పాడు. అది అడుగున చిల్లున్న కుండ. పైనుంచి ఎంత ఉధృతంగా పోసినా కింద ధార ఒకే తీరున పడుతుంది. దీనికి తోబుట్టువైన పద్ధతిలో కుండలోకి చీట్లు ఒకే వేగంతో పడుతుంటాయి, ప్యాకెట్టు బయటికి పోవాలంటే చీట్లు చెల్లించాలి. ఊరకున్న వేళ చీట్లు కుండ నిండేవరకు పోగవుతాయి గనుక కొద్దిపాటి దూకుడుకు వీలుంటుంది. చీట్లు అయిపోతే ప్యాకెట్టును ఆపి ఉంచడం ఒక పద్ధతి, పారవేయడం మరొకటి. మొదటిదే రద్దీని తీర్చిదిద్దడం.

ఇక హామీ సంగతి. దారి పొడవునా ప్రతి రూటరులోనూ ముందే వాటా రిజర్వు చేసుకునే ఆర్‌ఎస్‌వీపీ నియమావళి 1997లో ప్రమాణంగా వెలువడింది. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్ శాసనసభ సాగునీటి నిర్వహణను రైతు సంఘాలకు అప్పగించే చట్టం చేసింది. ఒకదానితో ఒకటికి సంబంధం లేదు గాని, రెండింటి ముందూ ఉన్న ప్రశ్న ఒకటే: తల నుంచి కొస దాకా వంతును కాపాడేదెవరు? ప్రతి ప్రవాహాన్నీ ప్రతి రూటరూ గుర్తుంచుకోవడం భారమైంది. పైగా రూటర్ల యజమానులు వేరువేరు. అందుకే ఆ పద్ధతి అంతర్జాలమంతటా పాకలేదు. 1998లో ప్యాకెట్టు మీద తరగతి గుర్తు వేసే సులభమార్గం వచ్చింది. కాని గుర్తును మన్నించడం ఆయా రూటరు యజమాని ఇష్టం. పైగా అందరూ తమ ప్యాకెట్లకు మొదటి తరగతి గుర్తే వేసుకుంటే? అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరు?

ఈ విద్య అవసరం నూజివీడుకూ వచ్చింది. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి అక్కడ ఒక ప్రాంగణం ఉన్నది. తొలి కులపతి రాజ్ రెడ్డి. పదో తరగతి ముగించిన పల్లె పిల్లలకు ఆరేళ్ల చదువు, చేతికో లాప్‌టాప్. వేల మంది ఒకేచోట చేరి చదివే ఇటువంటి ప్రాంగణంలో వాటాలు లేకపోతే, కొందరి సినిమాల దిగుమతి కింద మిగతావారి పాఠం నలిగిపోతుంది.

ఉదాహరణకు 100 మెగాబిట్ల దారి ఉన్నదనుకుందాం. రూటరులో పరిమితిని 95గా పెట్టాలి. 100 పెడితే వరుస మన రూటరులో కాక సేవాసంస్థ పరికరంలో పేరుకుంటుంది, అక్కడ మన నియమం చెల్లదు. ఆ 95లో పాఠాలకు 50, మాటలకు 10, మిగతావాటికి 35 హామీ ఇవ్వవచ్చు. హామీల మొత్తం దారిని మించరాదు. పాఠాలు లేని వేళ ఆ 50ని ఇతరులు అరువు తెచ్చుకోవచ్చు, పాఠం మొదలవగానే తిరిగి ఇచ్చేయాలి. ప్రతి తరగతిలోనూ విద్యార్థికొక వంతు. ఒక పరిమితి మాత్రం ఉన్నది. లోపలికి వచ్చే ప్యాకెట్టు ఇరుకుదారిని దాటాకే మన చేతికి చిక్కుతుంది. దాన్ని ఆపడం ద్వారా అవతలివాడిని నెమ్మదించేలా చేయగలమే గాని, నేరుగా శాసించలేము.

ఇంటి చందాదారుకు ఈ తాళంచెవి కూడా లేదు. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస వేగం 2004 విధానంలో 256 కిలోబిట్లు, 2013లో 512, 2023లో 2 మెగాబిట్లు. ప్రకటనల్లోని పెద్ద అంకెల పక్కన ‘వరకు’ అనే చిన్నమాట ఒకటి ఉంటుంది. అది గరిష్ఠమే గాని హామీ కాదు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ సమాచారాన్ని బట్టి ధరలు మార్చడాన్ని నిషేధించింది. 2018లో కేంద్రం తటస్థతా సూత్రాలను ఆమోదించింది. రద్దీని సహేతుకంగా నిర్వహించుకోవచ్చు, కాని ఒకరి సమాచారాన్ని కావాలని నొక్కిపెట్టరాదు.

తూము తలుపు దించడం తప్పు కాదు. అది లేకపోతే కొసకు చుక్కనీరు రాదు. ఎవరి కోసం, ఏ లెక్కన దించుతున్నారో అందరికీ తెలియాలి. హామీ నిజమో కాదో తేలేది తలతూము వద్ద కాదు, కొసభూమిలోనే.