ఒక్క అక్షరం, రెండు పిలుపులు

రాయ్‌పూర్ మోవాలో రోడ్డు పక్క కొట్టు. దంచిన అల్లం పడగానే గిన్నెలో పాలు పొంగుకొచ్చాయి. శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దాయన 'టీ' అన్నారు, కొట్టతను 'చాయ్' అంటూ గ్లాసు అందించాడు. ఇద్దరూ పలికింది ఒకే చైనా అక్షరాన్ని.

ఆ అక్షరంలో పైన గడ్డి గుర్తు, నడుమ మనిషి, కింద చెట్టు ఉన్నట్టు కనిపిస్తాయి. గుర్తుపెట్టుకోవడానికి చక్కని బొమ్మే గాని, పుట్టుక వేరు. చేదు మొక్కకు వాడే 'తూ' అనే పాత అక్షరంలోంచి ఒక్క అడ్డగీత తీసేస్తే ఇది వచ్చింది. పది గీతలు తొమ్మిదయ్యాయి. 8వ శతాబ్దంలో, థాంగ్ రాజుల కాలంలో, లూ యూ తేయాకు మీద గ్రంథం రాశాక ఈ రూపమే స్థిరపడింది.

జపాన్‌లో 108వ పుట్టినరోజుకు ఈ అక్షరం పేరే పెట్టారు. పైభాగాన్ని రెండు పదులుగా, మిగతాదాన్ని 88గా విడదీసి చదువుతారు. ఎంత ముచ్చటైన లెక్క!

చైనాలో చాలాచోట్ల దీన్ని 'చా' అంటారు. ఆ పలుకు పారశీకంలో 'చాయ్' అయి హిందీకీ, తెలంగాణకూ చేరింది. ఫూజియన్ తీరంలో 'తే' అంటారు. దాన్ని డచ్చి వర్తకులు ఓడల్లో ఐరోపాకు మోసుకెళ్లారు, ఇంగ్లీషులో 'టీ' అయింది. మన తేయాకులో, తేనీరులో ఉన్నదీ ఆ 'తే'నే.

తేనీరులో తేనె లేదు, ఉందని పిల్లలకు చెప్పకండి.