మందుతోపాటే పుట్టిన నోటిపూత

1948 జూన్‌లో అమెరికాలోని ఒక వైద్య పత్రికలో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ వ్యాసం వచ్చింది. రక్త క్యాన్సర్‌తో మృత్యుముఖంలో ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే కొత్త మందు ఇస్తే, 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బు పేరు వింటే తల్లిదండ్రులకు మిగిలేది ఏడుపే. అదే వ్యాసంలో ఫార్బర్ మరో సంగతీ దాచకుండా రాశాడు. మందు పడిన పిల్లల నోళ్ళు పూశాయి, పుండ్లు పడ్డాయి.

ఆ మందు తయారైన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు పెద్ద దిక్కు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములిద్దరిని కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బు బలి తీసుకుంది. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1945 నాటికి ఆయన బృందమే ప్రయోగశాలలో తయారుచేసింది. కణం రెండు కావాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని పోలిన నకిలీని అందిస్తే కణం పెరగలేదు. ఆ నకిలీయే అమినోప్టెరిన్. దాని తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది. ఫార్బర్ వ్యాసం వచ్చిన రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు 53 ఏళ్ళకే కన్నుమూశారు.

నోరెందుకు పూసింది? క్యాన్సర్ కణంలాగే నోటి లోపలి పొర, పేగు పొర, ఎముక మజ్జ, జుట్టు కుదుళ్ళు కూడా వేగంగా పెరిగేవే. మందుకు వాటి మధ్య తేడా పూర్తిగా తెలియదు. ఇలా మందులతో చేసే క్యాన్సర్ చికిత్స, అంటే కీమో, తెచ్చే బాధల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఇళ్ళ ముందు పూసే బిళ్ళగన్నేరు కథ ఇంకా విచిత్రం. ఆకు పసరు చక్కెర జబ్బుకు మంచిదన్న మాట నిజమేనా అని 1950లలో కెనడా శాస్త్రవేత్తలు ఎలుకల మీద పరీక్షించారు. చక్కెర తగ్గలేదు, తెల్ల రక్తకణాలు తగ్గాయి. ఆ దుష్ప్రభావాన్నే పట్టుకుని 1958లో విన్‌బ్లాస్టిన్‌ను వెలికితీశారు. అదే మొక్క నుంచి విన్‌క్రిస్టిన్ వచ్చింది. దానితో వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మలబద్ధకం బాధిస్తుంది. కీమో చరిత్రలో దుష్ప్రభావం మందు వెంట వచ్చిన శని కాదని నా నమ్మకం. చాలాసార్లు మందుకు దారి చూపింది అదే. అంతమాత్రాన పెరట్లో ఆకులు నూరి తాగొద్దు. ఆ పసరులో ఎంత మందు ఉందో ఇంట్లో ఎవరూ కొలవలేరు.

ఇక బాధను అదుపు చేయడంలో వైద్యం చాలా దూరం నడిచింది. 1978లో అమెరికాలో అనుమతి పొందిన సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు రోగులను విపరీతమైన వాంతులతో కుదేలు చేసేది. 1991లో అక్కడ వాంతులను ఆపే ఆన్‌డాన్‌సెట్రాన్ అందుబాటులోకి వచ్చాక ఆ భయం చాలావరకు తగ్గింది. ఆ మందును వాంతి మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. తెల్లకణాలను పెంచే ఇంజెక్షన్లూ ఆ ఏడాదే అక్కడ వచ్చాయి. మెథోట్రెక్సేట్‌ను పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు, తర్వాత లూకోవోరిన్ ఇచ్చి మంచి కణాలను కాపాడతారు. కీళ్ళవాతానికి ఇదే మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కసారే ఇస్తారు. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పూయడంతో ఆగదు, ప్రాణం మీదికొస్తుంది.

మన కడప జిల్లాకు వైద్య చరిత్ర తక్కువేమీ కాదు. జమ్మలమడుగులో లండన్ మిషనరీల క్యాంప్‌బెల్ ఆసుపత్రి తరాలుగా పేదలను చూసింది. అక్కడ పనిచేసి, 1973లో పులివెందులలో ధర్మాసుపత్రి పెట్టిన డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 2007లో ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది, కీమో ఖర్చు దాని కిందికి వచ్చింది. అంతకుముందు క్యాన్సరంటే పొలం అమ్ముకుని రాయవేలూరు ఆసుపత్రికి రైలెక్కడమే చాలా ఇళ్ళ కథ. ఇప్పుడు చికిత్స తిరుపతిలోనూ దొరుకుతోంది. అయితే కీమో ఆసుపత్రిలో ఒక పూటో రెండు రోజులో, తర్వాత వారాలన్నీ ఊళ్ళోనే. దుష్ప్రభావాలు కనబడేది ఆ వారాల్లోనే, డాక్టరు పక్కన లేనప్పుడే.

కాబట్టి ఇంట్లోవాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి. నోరు పూస్తే ఎర్రకారం, ఊరగాయ పక్కన పెట్టి, మెత్తటి సంగటి మజ్జిగలో కలిపి చల్లగా పెట్టండి. ఉప్పు నీళ్ళతో రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించమనండి, మెత్తటి బ్రష్ వాడమనండి. జుట్టు రాలితే ఓదార్చండి, మందు ఆగాక చాలామందికి మళ్ళీ వస్తుంది. మందు ఎక్కించేటప్పుడు సూది దగ్గర మంట, వాపు వస్తే వెంటనే నర్సుకు చెప్పండి. కొన్ని మందులు నరం దాటి కారితే కండ పాడవుతుంది. నాటుమందో, బలం మాత్రో, డాక్టరును అడగకుండా వేయొద్దు.

అన్నిటికంటే పెద్దది జ్వరం. సాధారణంగా కీమో పడిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు తాకితే, "ఏం కాదులే, పొద్దున చూద్దాం" అనుకోవద్దు. పారాసిటమాల్‌తో దాన్ని కప్పిపుచ్చొద్దు. అర్ధరాత్రయినా సరే, కీమో కాగితాలు చేతపట్టుకుని దగ్గర్లోని పెద్దాసుపత్రికి బయలుదేరండి. గుమ్మంలో అడుగుపెట్టగానే "మా రోగికి కీమో జరిగింది" అని చెప్పండి.