పడుగులో దాగిన చరిత్ర: ఫిలిప్పైను గిరిజనుల చేనేత

ఒక దేశపు పూర్వచరిత్ర తెలియవలెనన్న మనము శాసనములను వెదకుదుము, తాళపత్రములను తిరుగవేయుదుము, దేవాలయ ప్రాకారములపై చెక్కిన అక్షరములను కూడబలుకుకొందుము. శాసనములు వేయించిన రాజులు గాని, కావ్యములు వ్రాయించుకొన్న ప్రభువులు గాని లేని జాతుల మాట యేమి? వారికి చరిత్రయే లేదనుట న్యాయము కాదు. ఫిలిప్పైను ద్వీపములలోని కొండజాతుల విషయమున ఆ చరిత్రలో పెద్ద భాగము స్త్రీల మగ్గములపై నున్నదని చెప్పుటయే మా ఉద్దేశము.

ఫిలిప్పైను దేశము 7,000కు పైబడిన ద్వీపముల సముదాయము. ఉత్తరమున లూజాన్ ద్వీపపు కార్డిల్యెరా పర్వతములలో ఇఫుగావో, కలింగ, బొంతోక్ మొదలగు జాతులవారును, దక్షిణమున మిందనావో ద్వీపములో తబోలి, బ్లాన్, బగోబో మొదలగు జాతులవారును నివసించుచున్నారు. కలింగ యను పేరు వినగానే మన కళింగదేశమును తలచుకొన పనిలేదు. అది పేరు పోలిక మాత్రమే. ఈ జాతులన్నింటికిని వేరు వేరు భాషలు, వేరు వేరు ఆచారములు కలవు. వస్త్రమును చూచి ధరించినవారి జాతిని, ఒక్కొక్కచోట వారి అంతస్తును గూడ చెప్పవచ్చును. ఇఫుగావోలలో మృతదేహముపై కప్పు దుప్పటి సైతము ఆ మనుష్యుని హోదాను తెలుపును.

ఈ నేత ఎంత ప్రాచీనమైనదో తెలుపు సాక్ష్యమొకటి కలదు. రొంబ్లోన్ రాష్ట్రములో బాంతోన్ అను చిన్న ద్వీపమున్నది. అచటి గుహలో కొయ్యతో చేసిన శవపేటికలు బయల్పడినవి. వానిలో మృతునితోబాటు ఉంచిన ఒక నారవస్త్రపు తునక లభించినది. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల చిత్రములు గల ఆ తునక 13, 14 శతాబ్దుల నాటిదని పండితులు నిర్ణయించినారు. అనగా ఇంచుమించుగా ఓరుగల్లున కాకతీయులు ఏలుచున్న కాలమన్నమాట. స్పెయిను దేశీయులు ఆ ద్వీపములకు వచ్చి తమ రాజకుమారుడగు ఫిలిప్పు పేరు పెట్టుటకు చాలకాలము పూర్వమే అచటివారు ఈ విద్యలో ఆరితేరియుండిరి. ఆ తునక ఇప్పుడు మనీలాలోని జాతీయ ప్రదర్శనశాల సంరక్షణలో నున్నది.

ఆ తునకను నేసిన విధానము తెలుగువారికి పరాయిది కాదు. పోగులను ముందుగా కొలతప్రకారము ముడులు గట్టి, రంగులో ముంచి, పిమ్మట మగ్గమున కెక్కించు పనిని మన చీరాల, పోచంపల్లి నేతవారు ‘చిటికి’ యందురు. మిందనావోలోని సెబు సరస్సు ప్రాంతమున నివసించు తబోలి స్త్రీలు నేయు ‘తనాలక్’ వస్త్రము కూడ చిటికి పనియే. పద్ధతి ఒకటే యైనను పోగు వేరు.

అబాకా యనునది అరటిజాతి చెట్టు. చూచుటకు అచ్చముగా అరటిచెట్టే. పండు మాత్రము తినుటకు పనికిరాదు. బోదెను నరికి, పట్టలను ఒలిచి, కత్తి అంచు క్రింద పెట్టి బలముగా లాగినచో గుజ్జు పోయి నార మిగులును. ఇది పురుషులును చేయు పని. అటుపిమ్మటి పని యంతయు స్త్రీలది. ఈ నారను ప్రత్తివలె వడుకుట లేదు. వెండ్రుకవంటి పోగులను ఏరి, ఒకదాని కొసను మరియొకదాని కొసకు ముడివేయుచు పోవుదురు. ముడులు కంటికి కానరావు. పిదప పడుగును చట్రముపై పరచి, చిత్రము ననుసరించి చిన్న చిన్న కట్లు కట్టుదురు. మొదట నల్లరంగు ఎక్కింతురు. అందులకు కావలసిన ఆకులను చెట్లనుండియే తెచ్చుకొందురు. మంచి నలుపు పట్టుటకు వారములు పట్టును. ఎరుపు కావలసినచోట్ల కట్లను విప్పి, చెట్టువేరునుండి తీసిన ఎర్రరంగులో మరల ముంచుదురు. చివరివరకు కట్టియుంచిన భాగము నార సహజవర్ణముతో నిలుచును.

మగ్గము మన గుంటమగ్గమువంటిది కాదు. పడుగు ఒక కొనను ఇంటి కొయ్యకు కట్టి, రెండవ కొనను నేయు స్త్రీ నడుము వెనుకగా పోవు పట్టెకు తగిలింతురు. ఆమె వెనుకకు వాలినచో పడుగు బిగియును. ముందుకు వంగినచో సడలును. ఆమె శరీరమే మగ్గములో ఒక భాగము. ఎండవేళ నార పెళుసై తెగునుగాన, ఉదయము చల్లదనమునను సాయంకాలమునను నేయుదురు. నేసిన గుడ్డను గవ్వతో రుద్ది నిగనిగలాడునట్లు చేయుదురు. ఒక వస్త్రము ముగియుటకు నెలలు పట్టును.

ఇంత పనిలోను కాగితముపై గీచిన నమూనా యొక్కటియు లేదు. అబాకాకు ఫూ దాలు అను అధిదేవత గలదనియు, ఆమె కలలో కనిపించి క్రొత్త చిత్రమును చూపుననియు తబోలుల విశ్వాసము. అట్టి కల రానివారు తల్లియొద్ద, అవ్వయొద్ద నేర్చిన చిత్రములనే నేయుదురు. తనాలక్‌ను దాటరాదు, కత్తిరింపరాదు. కత్తిరించినచో వ్యాధియో మరణమో సంభవించునందురు. అమ్మకమునకై కత్తిరింపక తప్పనిచో, దేవత శాంతించుటకై ఒక ఇత్తడి కడియమును గుడ్డకు తగిలించు ఆచారము కలదు. వివాహసమయమున ఇచ్చిపుచ్చుకొను వస్తువులలో ఇది ముఖ్యమైనది. ఈ నియమములను చూచి మనము నవ్వరాదు. నెలల శ్రమను ఒక నిమిషములో పాడుచేయకుండ కాపాడుటకు ఇంతకంటె గట్టి కట్టుబాటు వేరొకటి యుండదని మాకు తోచుచున్నది.

ఇక ఈ విద్యకు వచ్చిన కష్టములను చెప్పవలెను. 1565లో స్పెయినువారు స్థిరపడిన పిమ్మట మైదానములలోని నేతవారు కప్పమునకై బట్టలు నేయవలసివచ్చెను. ఇలోకోస్ నూలుగుడ్డ మనీలానుండి మెక్సికోకు పోవు ఓడలకు తెరచాప అయ్యెను. 17, 18 శతాబ్దులలో మన కోరమాండల్ తీరపు రేవులనుండి గూడ నూలుబట్టలు మనీలా చేరినవి. వానిలో కొన్ని ఆ ఓడలపైననే మెక్సికోకు సాగినవి. కొండలలోనివారు మాత్రము చాలకాలము పరాయి యేలుబడికి లొంగక, తమ నేతను తమకొరకే నేసికొనిరి.

వారికి అసలు దెబ్బ 20వ శతాబ్దిలో తగిలినది. అబాకా నార ఉప్పునీటికి చివుకదు. అందువలన ‘మనీలా త్రాడు’ పేరుతో లోకమునందలి ఓడలన్నింటికి కావలసివచ్చెను. అమెరికనుల యేలుబడిలో దవావో ప్రాంతమున అమెరికనులు, జపానీయులు పెద్ద పెద్ద అబాకా తోటలు వేసిరి. ఆ భూములలో చాలభాగము బగోబోలవి. ఏ చెట్టు నారతో వారు తమ పండుగ వస్త్రములు నేసికొనిరో, ఆ చెట్టుకొరకే తమ నేలను పోగొట్టుకొనిరి. 1939లో ప్రభుత్వము కొరొనడల్ లోయలో ఇతర ప్రాంతములవారికి భూములిచ్చి నిలిపినప్పుడు బ్లాన్ జాతివారు కొండలపైకి జరిగిరి.

అదే కాలమున వస్త్రములును దేశము దాటినవి. 1904లో అమెరికాలోని సెయింట్ లూయీ ప్రదర్శనమున ఇగొరోతులను, బగోబోలను కొనిపోయి జనులకు వింతగా చూపిరి. కొలది సంవత్సరములకు లారా వాట్సన్ బెనెడిక్ట్ అను పరిశోధకురాలు బగోబోల మధ్య నివసించి సేకరించిన వస్తువులు న్యూయార్కు ప్రదర్శనశాలకు చేరినవి. నేడు బగోబో యువతి తన ముత్తవ్వల నేతను చూడగోరినచో సముద్రములు దాటి అద్దపు బీరువాల యెదుట నిలువవలసి యుండును.

ఈ స్థితిని గుర్తించి ఫిలిప్పైను ప్రభుత్వము 1992లో ఒక చట్టము చేసి, సంప్రదాయ కళలలో ఆరితేరినవారికి జాతీయ బిరుదమును ఏర్పరచినది. బిరుదము పొందినవారు తమ విద్యను చిన్నవారికి నేర్పవలెనను నిబంధన అందున్నది. 1998లో తబోలి స్త్రీయగు లాంగ్ దులాయ్, బగోబో స్త్రీయగు సాలింతా మొనోన్ ఈ గౌరవమును పొందిరి. లాంగ్ దులాయ్ పండ్రెండవయేట మగ్గమునందు కూర్చున్నది. మేఘములు, సీతాకోకచిలుకలు మొదలుగా నూరుకు పైబడిన చిత్రములు ఆమెకు కంఠస్థమై యుండెడివి. సాలింతా మొనోన్ మిక్కిలి కష్టమైన మొసలి చిత్రమును నేయుటయందు ప్రసిద్ధురాలు. 2016లో బ్లాన్ జాతికి చెందిన యాబింగ్ మసలోన్ దులోకు ఈ బిరుదము లభించినది. వీరు మువ్వురును నేడు లేరు. లాంగ్ దులాయ్ 2015లో గతించినది. యాబింగ్ దులో 2021లో 106 ఏండ్ల వయస్సున కన్నుమూసినది. వారు నేర్పినంతమేరకు వారి చిత్రములు శిష్యురాండ్ర చేతులలో బ్రదికియున్నవి. నేర్పనివి వారితోనే పోయినవి.

తనాలక్ నేడు సంచులపైనను, పాదరక్షలపైనను గూడ కనబడుచున్నది. యంత్రముపై అచ్చువేసిన అనుకరణలు చవుకగా అమ్ముడగుచున్నవి. అమ్మకము లేనిదే నేతవారికి కూడు లేదు. అమ్మకముకొరకే నేసినచో కలకు, ఓర్పునకు తావు లేదు. ఈ చిక్కు మనకును క్రొత్తది కాదు. పోచంపల్లి చిటికికి 2005లో భౌగోళిక గుర్తింపు లభించినను, దాని పోలికలో అచ్చువేసిన చీరలు అంగళ్ళలో కుప్పలుగా నున్నవి.

మన యిండ్లలో అవ్వ కట్టిన చిటికి చీర ఏ పెట్టె యడుగుననో యుండవచ్చును. తీసి, దానిని తిరుగవేసి చూడుడు. చిటికిలో రంగు పోగులోనిదే గాన రెండు ప్రక్కల ఒకేతీరుగ కనబడును. అచ్చువేసిన బట్టకు వెనుకవైపు వెలవెలబోవును. ఆ భేదమును పిల్లలకు చూపుడు. ఎక్కడనో సెబు సరస్సు గట్టున నడుమునకు పట్టె బిగించుకొని కూర్చున్న స్త్రీ యెట్టి పని చేయుచున్నదో వారికి అప్పుడు మన మాటలకంటె బాగుగ తెలియును.