బత్తెం

జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలు కాస్తానన్నదట అనే సామెతలో జీతానికి జంటగా నిలిచిన బత్తెం, వండిన అన్నమనే అర్థం గల సంస్కృత 'భక్తం' ప్రాకృతంలో 'భత్తం'గా మారి తెలుగుకు చేరిన మాట. మొదట రోజుకింతని కొలిచి ఇచ్చే తిండిగింజలకు, ఆపైన తిండి ఖర్చుకిచ్చే రొక్కానికి అది పేరైంది. దీనికి దాయాది మాటయిన 'బత్తా'ను కుంపిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, తన సైనిక లెక్కల్లో చేర్చుకొని, దండు కదిలినప్పుడు జీతంపై ఇచ్చే అదనపు సొమ్ముకు వాడింది. బెంగాలులో కుంపిణీ గవర్నరు క్లైవు రెట్టింపు బత్తాను ఎత్తివేయగా, 1766లో తెల్ల సైనికాధికారులు మూకుమ్మడి రాజీనామాలకు దిగారు.

ఇటువంటి పేచీ కొల్లేటి సీమ దాపున అంతకుముందే నడిచింది. 1759లో కుంపిణీ కర్నల్ ఫోర్డు ఏలూరులో విడిసిన దండుతో ఫ్రెంచివారి బందరు కోటపైకి సాగినప్పుడు, అతని తెల్ల సోల్జర్లు తమకు బకాయిపడ్డ కొల్లసొమ్ము, అంటే గెలిచినచోట దోచిన సొత్తులో వాటా, ఇవ్వనిదే పోరాడమని ఆయుధాలతో ఎదురుతిరిగారు. కోట సొత్తులోనూ పాలు దక్కేలా చూస్తానని మాటిచ్చి, అతడు వారిని దారికి తెచ్చుకొని ఏప్రిల్‌లో కోట పట్టాడు. అది బత్తా తగవు కాదు గాని, జీతమొక్కటే సరిపోని కొలువు ఆ కాలపు సోల్జరుదని రెండూ చెబుతాయి.

అదే కొల్లేటి సీమలో, కైకలూరులో ఇప్పుడు అద్దెకారు మాట్లాడుకునేవారు కిలోమీటరు రేటు తేలాక అడిగే 'డ్రైవరు బత్తా' ఆ పాత మాటే.