తోటరాముని యదృష్టము: ‘పాతాళభైరవి’ చిత్రమున కథయు కాలమును

పేదవాడు రాజకుమార్తెను వలచుట, రాజు కోపించుట, దైవికముగ పేదవానికి సంపద చేకూరుట, తుదకు వివాహము జరుగుట - ఈ కథ తెలుగువారికి క్రొత్తది కాదు. మన పల్లెలలో పెద్దలు పిల్లలకు చెప్పు కథలు పెక్కు ఈ తీరుననే నడచును. 1951 మార్చి 15వ తేదీన విడుదలయైన విజయావారి ‘పాతాళభైరవి’ పైకి చూడగా ఈ తెగలోనిదే. ఆ పేరు వినగనే మాంత్రికుని గడ్డమును, కోరినది యిచ్చు ప్రతిమయును, ఆకాశమున కెగసిపోవు మేడయును స్ఫురించును. అందుచేత దానిని బాలురకు వేడుక గొలుపు మాయకథగ నెంచి విడిచిపెట్టుట పరిపాటి యైనది. కాని ఆ చిత్రమున పేదరికము, ప్రేమ, అదృష్టము అను మూడింటికి గల సంబంధము అంత తేలికయైనది కాదనియు, అదృష్టము కలిసివచ్చుటకంటె కలిసివచ్చినది చేజారుటయే కథకు ఆయువుపట్టనియు మా యభిప్రాయము. దానిని నిరూపించుటయే ఈ వ్యాసమున మేము తలపెట్టిన పని.

ఈ పరిశీలనమునకు మేము తుని పట్టణమును ఆధారముగ గైకొంటిమి. కారణములు రెండు. ఈ కథాసంప్రదాయము నడచిన యాత్రామార్గము తునిమీదుగ పోవుట మొదటిది. చిత్రము వెలువడిన నాటికి జమీందారీలు అంతరించుచున్న సీమలలో తుని యొకటి యగుట రెండవది. చిత్రకథలోని కోటగోడ అచ్చటివారికి వట్టి కల్పన కాదు.

కాశీదారిలో కథ

‘పాతాళభైరవి’కి మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథల’లోని యొక కథ ఆధారమని ప్రసిద్ధి. పండ్రెండు భాగముల యీ కథాసంపుటి రాజమహేంద్రవరమున అచ్చుపడి తెలుగునాట నలుమూలలకు వ్యాపించినది. దాని కూర్పు గమనింపదగినది. మణిసిద్ధుడను యాత్రికుడు కాశికి పోవుచు తోడుగ నొక గోపబాలుని పిలుచును. త్రోవలో తనకు వింతగ తోచిన వానికెల్ల కారణము చెప్పవలెనను నియమముపై బాలుడు బయలుదేరును. ఆనాటి నడక ముగిసి మజిలీ చేరిన పిదప మణిసిద్ధుడు కథ నారంభించును. పేదవాడు తన నడకకు ప్రతిఫలముగ కథను పుచ్చుకొనుట ఈ గ్రంథమునకు పునాది.

మజిలీ యనునది ‘మంజిల్’ అను అన్యదేశ్యమునుండి వచ్చిన మాట. ప్రయాణమున దిగు తావని యర్థము. రైలుబండి రాకమునుపు గోదావరికి ఉత్తరమున తీరమువెంట పోవు బాట రాజమహేంద్రవరము, పెద్దాపురము, తుని, అనకాపల్లి, సింహాచలము, శ్రీకాకుళములమీదుగ జగన్నాథమునకును, అటనుండి గయా కాశీక్షేత్రములకును సాగెడిది. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1831లో మరలివచ్చినది ఈ తూర్పుతీరపు దారినే. తుని తాండవనదీతీరమున నున్నది, ఆవలిగట్టున పాయకరావుపేట. ఈ యేరు చిరకాలము గోదావరీ విశాఖ మండలములకు ఎల్లగ నుండి, 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనము పిమ్మట కాకినాడ, అనకాపల్లి జిల్లాలకు ఎల్లయైనది. ఏరు దాటువారు దిగి సేదదీరు ఇట్టి తావులయందే కథలు ఒక నోటినుండి మరియొక నోటికి మారుట సహజము. 1893-96 సంవత్సరముల నడుమ తూర్పుతీర రైలుమార్గము పడుటతో కాలినడక మజిలీలు క్రమముగ అంతరించినవి. కథలు మాత్రము అచ్చుపుస్తకములలోనికిని, రంగస్థలముమీదికిని, పిదప తెరమీదికిని చేరినవి.

తెరమీదికి చేరుటయందు గోదావరీమండలపు రంగస్థలమునకు గల భాగమును విస్మరింపరాదు. మాంత్రికపాత్ర ధరించిన ఎస్.వి. రంగారావు (1918-1974), రాణి తమ్ముడు శూరసేనుని పాత్ర ధరించిన రేలంగి వెంకటరామయ్య (1910-1975) ఇరువురును కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకములలో ఆరితేరినవారు. రాముని తల్లిగ నటించిన సురభి కమలాబాయి 1932 నాటి తొలి తెలుగు మాటలచిత్రము ‘భక్తప్రహ్లాద’లోని నటి. సురభి నాటకసమాజములవారు మాయాదృశ్యములను రంగస్థలముపై ప్రదర్శించుటలో ప్రసిద్ధులు. కనుక తెరపై మేడ ఎగసిపోవుటను చూచిన మన ప్రేక్షకునికి మాయను చూచుట అంతకుముందే అలవడియున్నది. దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ, సంగీతదర్శకుడు ఘంటసాల ఆ యలవాటును చక్కగ వినియోగించుకొనిరి.

రాజు కట్టిన వెల

కథానాయకుడు ఉజ్జయినిలో తోటమాలి కొడుకు. అతని పేరు తోటరాముడు. ఇంటిపేరు లేదు, బిరుదము లేదు. చేయు పనియే పేరునకు ముందు నిలిచినది. ఎన్.టి. రామారావు ధరించిన యీ పాత్ర రాజకుమార్తె ఇందుమతిని చూచి వలచును, కావలివారి కన్నుగప్పి కోటలో ప్రవేశించును, పట్టుబడును. సి.ఎస్.ఆర్. ఆంజనేయులు నటించిన రాజు మొదట దండింపనెంచియు, తుదకు ఒక షరతు విధించును: తనతో తులతూగు సంపద తెచ్చినచో కుమార్తె నిచ్చును.

కథకెల్ల ఈ షరతే మూలము. రాముని సాహసము రాజు కన్నులయెదుటనే యున్నది. ఇందుమతి ప్రేమయు తెలిసినదే. ఐనను ఆ రెండింటిని ప్రక్కకు నెట్టి రాజు ధనమును కొలమానముగ నిలిపెను. తోటపనిచేసి ఎన్ని జన్మములకును కూడబెట్టరాని మొత్తమది. కష్టముచే సాధ్యము కాని దానిని కోరుట యనగా అదృష్టమును కోరుటయే. కనుక రాముడు అదృష్టమును వెదకుచు పోవుట సోమరితనముచే కాదు. రాజు పెట్టిన లెక్కలో అతనికి వేరుదారి లేదు. జానపద కథలలో పేదవాడు నిధినిక్షేపములను ఆశించుటను తేలికగ చూచు విమర్శకులు ఈ విషయమును గుర్తింపవలసియున్నది.

తలక్రిందులైన బలి

ఇచ్చట నేపాళ మాంత్రికుడు ప్రవేశించును. పాతాళభైరవికి సాహసవంతుడగు యువకుని బలియిచ్చినచో కోరిన దెల్ల నొసగు ప్రతిమ లభించును. రామునివంటివాడు మాంత్రికునికి దొరికిన యదృష్టము. రాముడు మాంత్రికుని తన యదృష్టమని తలచును. ఒకరి భాగ్యమునకు మరియొకరి దేహము మూల్యమగుట యను కఠినసత్యమును కథ మాయావరణమున దాచి చెప్పినది. ఆ గుహకు చేరునంతవరకు రాజు, మాంత్రికుడు ఇరువురును రాముని ఒక వస్తువుగనే చూచిరి: ఒకరికి అతడు చాలనివాడు, మరియొకరికి సరిగ సరిపోవువాడు.

రాముని కాపాడినది సంపద కాదు, ఒక హెచ్చరిక. స్నానమునకు దిగిన చోట తనపై బడిన మొసలిని అతడు చంపును. శాపవిముక్తి పొందిన స్త్రీ మాంత్రికుని కపటమును వెల్లడించును. అతని సాహసమే అతనికి మొదటి యదృష్టమును తెచ్చినది. తత్ఫలితముగ బలియిచ్చువాడే బలియగును.

ఈ ఘట్టమునకు అల్లావుద్దీను కథలో సరియైన జోడు లేదు. అరేబియా రేయిల సంపుటిలో చేరిన ఆ కథను ఫ్రెంచి పండితుడు గలాండు 1709లో అలెప్పో నగరవాసి హన్నా దియాబు నోట వినెను. దీపము, మాంత్రికుడు, మేడ తరలిపోవుట మున్నగునవి ‘పాతాళభైరవి’లోనికి ఆ దారిని వచ్చినవనుట సమంజసమే. కాని అందు మాంత్రికుడు బాలుని గుహలో మూసివేయునేగాని దేవతకు బలియీయజూడడు. బలి తలక్రిందులగుటకు మూలము మన భేతాళ కథలలో నున్నది. అందు భిక్షువు రాజును బలియీయదలచును. భేతాళుని హెచ్చరికచే రాజే భిక్షువును వధించును. పదునొకండవ శతాబ్దపు సోమదేవుని ‘కథాసరిత్సాగరము’న ఈ కథానాయకుడు గోదావరీతీరమందలి ప్రతిష్ఠానపురపు రాజు త్రివిక్రమసేనుడు; తరువాతి కథనములలో ఉజ్జయినీపతి విక్రమార్కుడు.

ఇప్పుడు ‘పాతాళభైరవి’ చేసిన మార్పు స్పష్టమగును. నగరము ఉజ్జయినియే, హెచ్చరికయు, బలి తలక్రిందులగుటయు అవియే. కాని విక్రమార్కుడు నిలువవలసిన తావున తోటమాలి కొడుకు నిలిచినాడు. చక్రవర్తికి జెందిన సాహసఖ్యాతిని పేదవానికి బదలాయించుటయే ఈ చిత్రకథలోని ప్రధాన నిర్మాణమని మేము భావించుచున్నాము.

ప్రతిమ చేజారుట

ప్రతిమ చేతికందినది; మేడ వెలసినది; రాజు మారుమాటాడక పెండ్లికి సమ్మతించెను. సామాన్యకథ ఇచ్చట ముగియవలెను. చిత్రము ముగియలేదు. శిష్యుడు సదాజపుడు మాంత్రికుని తిరిగి బ్రతికించును. మాంత్రికుడు శూరసేనునిచే ప్రతిమను దొంగిలింపజేయును. మేడయు, సంపదయు, ఇందుమతియు ఒక్కమారుగ మాయమగుదురు. రాముడు మరల పూర్వపు పేదవాడే యగును.

ప్రతిమకు మంచిచెడ్డల వివక్ష లేదు. ఎవనిచేత నున్న వాని మాట వినును. ఈ ధర్మము తెలిసిన పిదప రాజు పెట్టిన పరీక్ష యెంత డొల్లయో ప్రేక్షకునికి బోధపడును. నిన్న మాంత్రికుడు కోరినది నేడు రాముని చేతికి వచ్చెను. రేపు మరల మాంత్రికుని కందెను. ఆ మూడునాళ్లలో రాముడు మారలేదు, మారినది అతని చేతిలోని బొమ్మ. రాజు తన అల్లునిగ అంగీకరించినది ఎవనిని?

ఇందుమతి విషయమున మాత్రము లెక్క తప్పలేదు. ఆమె తోటరాముని ప్రేమించినది ప్రతిమ లేనప్పుడు. ప్రతిమ గల మాంత్రికుని తిరస్కరించినది బందియైయున్నప్పుడు. ధనము వచ్చుటపోవుటలచే కదలని దొక్కటే కథలో నున్నది. అది ఆమె మనస్సు. ఈ రెండవ భాగమున రాముని కుపకరించినవి మిత్రుడు అంజి నేర్పు, తన తెగువ, చేజిక్కిన కొన్ని మాయావస్తువులు. మాయ పూర్తిగ లేదని చెప్పజాలము. ఐనను శిష్యుని వేషమున అంజి మాంత్రికుని గడ్డము తీయించి శక్తిహీనుని చేయుట మంత్రముచే జరిగినది కాదు. పేదవాని తెలివిచే జరిగినది. ఇట్లు రాముడు రాజకుమార్తెను రెండుమారులు సంపాదించెను. మొదటిమారు బొమ్మ యిప్పించెను. రెండవమారు బొమ్మ లేకుండ పోరాడి గెలిచెను.

1951 నాటి కోటగోడ

ఈ కథ తెరకెక్కిన కాలమును గూర్చి యించుక చెప్పవలసియున్నది. పెద్దాపురమును ఏలిన వత్సవాయ వంశమువారే తునియందును జమీందారులు. మద్రాసు ప్రభుత్వము 1948లో ఎస్టేట్ల రద్దు చట్టమును గావించినది. తరువాతి సంవత్సరములలో జమీందారీలు ఒకటొకటిగ ప్రభుత్వాధీనమైనవి. తరతరములుగ దివాణమునకు శిస్తు చెల్లించిన రైతు పట్టాదారుడగు కాలమది. 1951 అక్టోబరులో వయోజన వోటుపై తొలి సాధారణ ఎన్నికలు ఆరంభమైనవి. కోటలోనివానికిని, తోటలోనివానికిని ఒకే వోటు.

ఇంతకు పూర్వము 1939లో గూడవల్లి రామబ్రహ్మము ‘రైతుబిడ్డ’ చిత్రమున జమీందారీ విషయమును సూటిగ చర్చించి జమీందారుల ఆగ్రహమునకును, ప్రభుత్వ నిషేధమునకును గురియైనాడు. ‘పాతాళభైరవి’ అట్టి వాదము చేయలేదు. అది రాజును గద్దె దింపలేదు. తోటమాలి కొడుకును రాజునకు అల్లుని చేసి తృప్తిపడినది. దీనిని చిత్రమునకు గల పరిమితిగనే చెప్పవలెను. కాని కాలమునకు తగిన ప్రశ్నను అది కథారూపమున అడిగినది: గోడ కూలిన పిదప లోపలివాడు వెలుపలివానిని దేనితో కొలుచును? నేల తరగతిలో కూర్చుండి చూచినవానికి ఈ ప్రశ్న వివరింప నక్కరలేదు.

చిత్రము తమిళమునను వెలువడి, 1952 జనవరి 24న బొంబాయిలో ఆరంభమైన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ప్రదర్శితమైనది. పింగళివారి సంభాషణలవలన ‘డింభకుడు’ వంటి సంస్కృతశబ్దము అక్షరాస్యత లేనివారి నోటను నానుడియైనది.

ఒక యర్వాచీన పోలిక

2008లో డానీ బాయిల్ దర్శకత్వమున వచ్చి, మరుసటి యేట ఎనిమిది ఆస్కారు పురస్కారములు పొందిన ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ వికాస్ స్వరూప్ ఆంగ్లనవలకు చిత్రరూపము. బొంబాయి మురికివాడలో పెరిగిన జమాల్ పోటీలో ప్రశ్నలకు జవాబు చెప్పగనే మోసము చేసెనని రక్షకభటులు హింసింతురు. పేదవానికి కలిసివచ్చినచో లోకము ముందుగ సందేహించును. ఈ యంశమున రెండు చిత్రములును ఏకీభవించును. జమాల్ ధనమునకై కాక, తాను ప్రేమించిన లతిక చూచునను ఆశతో పోటీకి వచ్చును. తోటరాముడు ధనము కోరినదియు ప్రియురాలికొరకే. భేదమేమనగా, అందు గెలిచిన సొమ్ము నిలుచును. మన కథలో అది ఒకమారు పోయితీరవలెను. పోనిచో రామునిలోని మనుష్యుడు రాజునకు కనబడడు.

పై చర్చవలన తేలిన విషయములు మూడు. ‘పాతాళభైరవి’లో అదృష్టాన్వేషణము పేదవాని స్వభావము కాదు, ధనికుడు విధించిన షరతునకు ఫలము. విక్రమార్కుని సాహసఖ్యాతిని తోటమాలి కొడుకునకు మార్చుట అందలి నూతనత్వము. ప్రతిమ చేజారుట కథకు అడ్డంకి కాక పరిష్కారము. తుని మొదలుకొని అనకాపల్లివరకు గల యాత్రామార్గపు గ్రామములలో వృద్ధుల నోట ఈ తెగ కథలు నేడును వినవచ్చునేమో పరిశోధక విద్యార్థులు పరిశీలింపదగును. వానిలో సంపద వచ్చి నిలుచునో, వచ్చి పోవునో విడదీసి పట్టిక వేసినచో, చిత్రకథలోని యీ మలుపు మన మౌఖిక సంప్రదాయముననే కలదా, లేక కె.వి. రెడ్డి, పింగళివారల కల్పనమా యను ప్రశ్నకు నిశ్చితమైన సమాధానము లభింపగలదు.